ఎనిమిదో తరగతికి జీపీఎస్ నడకలు: ఒప్పుకోవాలా, వద్దా?

పెరంబూరు అమ్మ
మా అమ్మాయి బడి నుంచి సర్క్యులర్ వచ్చింది. నెలకో శనివారం పిల్లల్ని పార్కుకు తీసుకెళ్తారట. నలుగురికి ఒక ఫోన్ ఇస్తారు. అక్షాంశ రేఖాంశాలు చూసుకుంటూ, టీచర్లు దాచిన డబ్బాలు వెతకాలి. మీటింగులో సగం మంది వద్దన్నారు. నేను ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. ఆరు నెలలు పోరి దాని చేతిలోంచి ఫోన్ తీయించాను, ఇప్పుడు బడే ఇస్తానంటోంది. సోమవారంలోపు సంతకం పెట్టాలి. మీరేమంటారు?

అన్నానగర్ నాన్న
వద్దమ్మా. నీలం చుక్క వెంట నడవడం నేర్పడానికి బడి ఎందుకు? మావాడు నాలుగు వీధుల అవతల ట్యూషన్‌కి కూడా మ్యాప్ పెట్టుకునే వెళ్తాడు. దారిలో గుడి ఉందో, పెట్రోల్ బంకు ఉందో అడిగితే చెప్పలేడు. మా నాన్నగారు నెల్లూరు నుంచి మద్రాసు వచ్చిన కొత్తలో సెంట్రల్ స్టేషన్ గడియారం గోపురాన్ని గుర్తుపెట్టుకుని ఊరంతా తిరిగారు. ఆ చూపు పిల్లలకు కావాలి. ఒక దిక్సూచి, ఒక కాగితం పటం ఇచ్చి పంపండి, చాలు.

గొలుసు నుంచి రోవర్ దాకా
నేను ఇరవై రెండేళ్లుగా భూమి సర్వే పనిలో ఉన్నాను. అన్నానగర్ సార్ చెప్పిన జబ్బు నిజమే. కానీ మందు ఫోన్ దాచెయ్యడం కాదు. ఆ చుక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో పిల్లలకు చెప్పడం.

చుక్క అంటే ఒక అంచనా. సుమారు 20,200 కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహాలు తమ గడియారం టైమును రేడియోలో చెబుతూ ఉంటాయి. ఆ సిగ్నల్ చేరడానికి ఎంతసేపు పట్టిందో చూసి ఫోన్ దూరం లెక్కగడుతుంది. మైక్రోసెకను తేడా వస్తే 300 మీటర్లు తప్పినట్టే. ఫోన్‌లో గడియారం అంత కచ్చితంగా ఉండదు, అందుకే చోటు తేల్చడానికి మూడు ఉపగ్రహాలు చాలవు, నాలుగోది కావాలి. మైదానంలో మంచి ఫోన్ అయిదు మీటర్ల అటూఇటూగా చెబుతుంది. మర్రిచెట్టు కిందా, అపార్ట్‌మెంట్ల సందులోనూ సిగ్నల్ కొమ్మలకో గోడలకో తగిలి వస్తుంది కాబట్టి ఇంకా తప్పుతుంది.

ఇది బోర్డు మీద చెబితే ఎక్కదు. నలుగురు పిల్లల్ని ఒకే రాయి దగ్గర నిలబెట్టి, నాలుగు ఫోన్లలో అంకెలు రాయించండి. నాలుగూ వేరు వేరుగా వస్తాయి. గ్రాఫ్ పేపర్ మీద పెట్టించండి. దశాంశంలో అయిదో స్థానం ఒకటి మారితే చెన్నైలో సుమారు 1.1 మీటరు, అది ఒక గడి. చుక్కలు ఎలా చెదిరాయో చూసిన పిల్ల జన్మలో నీలం చుక్కను గుడ్డిగా నమ్మదు.

ఇంకో మాట. 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ అనే బ్రిటిష్ సర్వే అధికారి మన పరంగిమలై దగ్గరే వంద అడుగుల ఉక్కు గొలుసుతో పన్నెండు కిలోమీటర్ల బేస్‌లైన్, అంటే మిగతా కొలతలన్నిటికీ ఆధారమైన గీత, కొలవడం మొదలుపెట్టాడు. దేశం మొత్తం కొలిచిన మహా సర్వేకు అదే పునాది. ఆ కొండ లోకల్ ట్రైన్‌లో వెళ్లేంత దగ్గర. ఒక శనివారం అక్కడికి తీసుకెళ్లండి.

అన్నానగర్ నాన్న
మీలాంటివారు దగ్గరుంటే నేనే పంపుతాను సార్. బడిలో చెప్పేది మీరు కాదు కదా. టీచర్‌కు తెలిసింది మ్యాప్ యాప్ ఒక్కటే అయితే, పిల్లలు పరిగెత్తి డబ్బా పట్టుకొస్తారు, చప్పట్లు కొడతారు, అంతే. పైగా ఫోన్ ఎవరిది? ఉన్నవాడు పట్టుకుంటాడు, లేనివాడు వెనకాల నడుస్తాడు.

భూగోళం టీచర్
అన్నానగర్ సార్ భయపడ్డట్టే మా బడిలో జరిగింది. మొదటి ఏడాది ఫోన్‌లోని బాణం చెరువు మీదుగా దారి చూపింది. బాణం తిన్నగానే చూపిస్తుంది కదా, దానికి చెరువు సంగతి తెలియదు. ఒక బాబు స్క్రీన్ చూస్తూనే గట్టు దిగబోయాడు, చొక్కా పట్టుకుని లాగాను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మానేద్దామనుకున్నాను కానీ మానలేదు, పద్ధతి మార్చాను. ఫోన్ సంచిలో ఉంటుంది. వంద మీటర్లకు తన అడుగులు ఎన్నో ప్రతి పిల్లా ముందే లెక్కేసుకుంటుంది. పటం, దిక్సూచి, అడుగులతో చోటు చేరాక, ‘ఇదే’ అని కాగితం మీద రాశాకే ఫోన్ తీయాలి. తేడా ఎన్ని మీటర్లో అదే మార్కు. అడుగులు లెక్కపెట్టుకుంటూ నోరు కదుపుతూ నడుస్తారు, చూడముచ్చటగా ఉంటుంది.

ఏలగిరి క్యాంపులో రాత్రి ధ్రువనక్షత్రం చూపిస్తాను. చెయ్యి చాపి పిడికిలి, దాని మీద ఒక వేలు పెడితే దాదాపు పన్నెండు డిగ్రీలు. నక్షత్రం ఎంత ఎత్తులో ఉంటే మన అక్షాంశం అంత. మర్నాడు ఫోన్‌లో 12 డిగ్రీల పైచిలుకు కనిపించగానే పిల్లలు కేకలు పెట్టారు.

ఫోన్ల విషయం: సిమ్ తీసేసిన పాత ఫోన్లు అడిగి తెచ్చాం. ఉపగ్రహం మాట వినడానికి సిమ్ అక్కర్లేదు, మొదటిసారి ఆకాశం కింద కొన్ని నిమిషాలు ఆగాలి, అంతే. వీడియోలు రావు, ఫోన్ నాదీ నీదీ అని ఉండదు.

తాంబరం తమ్ముడు
నావిక్ గురించి, అంటే జీపీఎస్ లాంటి మన దేశపు సొంత ఉపగ్రహాల వ్యవస్థ గురించి కూడా చెప్పండి. మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న మన శ్రీహరికోట నుంచే వెళ్లింది. కొన్నింట్లో అణు గడియారాలు చెడిపోయాయి. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మనవాళ్లు చేసిన రుబీడియం గడియారం పెట్టారు. ఫోన్ ఏ ఉపగ్రహాలను వింటోందో చూపించే యాప్‌లున్నాయి. పిల్లలు వాటిలో వెతుక్కుంటారు.

అన్నానగర్ నాన్న
సిమ్ లేని ఫోన్, ముందు పటం. ఇలాగైతే నా అభ్యంతరం సగం తగ్గింది. మిగతా సగం ఎండ. పొద్దున ఏడుకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు నీడకు చేర్చాలి. చెరువుల దగ్గర వద్దు. ఇవి రాతపూర్వకంగా ఇవ్వకపోతే మావాణ్ణి పంపను.

పెరంబూరు అమ్మ
టీచర్ గారూ, మీ షరతులు నాలుగూ, అన్నానగర్ గారి రెండూ కలిపి ప్రిన్సిపాల్‌కు రాస్తాను. ఒప్పుకుంటే సంతకం పెడతాను. సర్వే సార్, ఆ గ్రాఫ్ పేపర్ పని పిల్లలకు అర్థమయ్యేట్టు ఒక పేజీ రాసిపెడతారా?

గొలుసు నుంచి రోవర్ దాకా
రేపు సాయంత్రంలోగా పెడతానమ్మా. ఒకసారి మైదానంలో, ఒకసారి చెట్టు కింద చేయించమనండి. రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టాలి.