క్యూబ్ రిపోర్టు మార్చి సంతకం పెట్టమంటున్నారు

ప్రశ్న (సైటు ఇంజనీరు):
మూడో అంతస్తు శ్లాబుకు ఎం25 కాంక్రీటు (28 రోజులకు 25 మెగాపాస్కల్ బలం రావాల్సిన రకం) వేశాం. 28 రోజుల పరీక్షలో అదే కాంక్రీటుతో పోసిన మూడు నమూనా దిమ్మల (క్యూబుల) సగటు బలం 19 మెగాపాస్కలే వచ్చింది. "కింది అంతస్తు క్యూబులు మిగిలాయిగా, వాటిని పరీక్షించి ఈ తేదీ వేసెయ్యి" అంటున్నారు కాంట్రాక్టరు. ఆయన మా మేనమామ స్నేహితుడు, ఈ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే. కాదంటే ఇంట్లోనూ మాట పడాలి. ఏం చేయను?

జవాబు (స్ట్రక్చరల్ ఇంజనీరు, విశ్రాంత):
బాబూ, తేదీ మాత్రం మార్చకు. ముందు ఆ క్యూబులు ఎక్కడ నానాయో చూడు. ఎండలో పడేసిన క్యూబు శ్లాబు బలం చెప్పదు. కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఎం25కి ఏ ఫలితమూ 22 మెగాపాస్కల్ కంటే తగ్గకూడదు. తగ్గితే వెంటనే శ్లాబు పగలగొట్టాలని కాదు. శ్లాబు నుంచే కనీసం మూడు కోర్లు (డ్రిల్లుతో కోసి తీసే గుండ్రటి కాంక్రీటు ముక్కలు) తీయించాలి. వాటి బలాన్ని క్యూబు బలంలోకి లెక్కగడితే సగటు, ఎం25కి ఉండాల్సిన బలంలో కనీసం 85 శాతం ఉండి, ఏదీ 75 శాతానికి తగ్గకపోతే కాంక్రీటును అంగీకరించవచ్చు. కాంట్రాక్టరుకు ఈ మాటే చెప్పు, ఆయనకూ దారి దొరుకుతుంది. డిజైనరుకు మాత్రం ఈరోజే రాతపూర్వకంగా తెలియజేయి. ఆయన చెప్పేదాకా పైఅంతస్తు సెంట్రింగు బరువు దానిపై మోపనివ్వకు. మేనమామ సంగతంటావా, సంతకం కింద ఉండేది నీ పేరు, ఆయనది కాదు.

జవాబు (మరో సభ్యుడు):
కోర్ల ఖర్చు ఎవరిదో ఒప్పందంలో చూడండి, అసలు గొడవ అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
క్యూబులు తొట్టిలోనే నానాయి సార్. డిజైనరుకు మెయిల్ పంపాను. కాంట్రాక్టరు ఫోను ఎత్తడం లేదు.