రోడ్నియస్ నింఫ్‌లు నాలుగో దశలోనే ఆగిపోతున్నాయి: లోపం రక్తంలోనా, జార్‌లోనా?

ప్రశ్న:
రోడ్నియస్ ప్రొలిక్సస్ (రక్తం తాగే నల్లి జాతి పురుగు) కాలనీ, చాగస్ జబ్బు తెచ్చే పరాన్నజీవి ట్రిపనోసోమా క్రూజీ సోకనిది. 28 డిగ్రీలు, తేమ 60-70 శాతం. డీఫైబ్రినేట్ చేసిన (గడ్డకట్టకుండా ఫైబ్రిన్ తీసేసిన) గొర్రె రక్తాన్ని 37 డిగ్రీల దగ్గర పారాఫిల్మ్ అనే సాగే పలచటి పొర మీదుగా ఇస్తున్నాం. నింఫ్‌లు, అంటే పిల్ల పురుగులు, ఐదు దశల్లో మూడు బాగానే దాటుతున్నాయి. నాలుగో దశవి రక్తం తాగుతున్నాయి గానీ వారాలు గడిచినా కుబుసం విడవడం లేదు. బూజు పట్టకుండా గుడ్లను పలుచటి బ్లీచ్‌తో కడిగి, ప్రతి దశకీ కొత్త జార్‌లోకి, కొత్త ఫిల్టర్ పేపర్ మీదికి మారుస్తున్నాం. ముందు ఏది సరిచూడాలి?

జవాబు 1:
ముందు తూకం వేయండి. ఖాళీ కడుపుతో 30-40 మిల్లీగ్రాములుండే ఐదో దశ నింఫ్ ఒక్క పూటలో 300 మిల్లీగ్రాముల దాకా రక్తం లాగుతుంది. నాలుగో దశది కూడా తన బరువుకు ఎన్నో రెట్లు తాగాలి. పొట్ట బాగా సాగితేనే ఆ కబురు నాడీతంత్రి గుండా మెదడుకు చేరి కుబుసం పని మొదలవుతుందని కీటక శాస్త్రవేత్త విగిల్స్‌వర్త్ 1934లోనే చూపించాడు. కొంచెం కొంచెంగా నాలుగుసార్లు తాగినా లాభం లేదు. తాగిన వెంటనే తూచండి. నిమిషాల్లోనే మూత్రం వదలడం మొదలెడతాయి, మూడు గంటలయ్యాక తూస్తే లెక్క తప్పుతుంది.

సగం తాగి వదిలేస్తుంటే పారాఫిల్మ్‌ను రెండు వైపులా లాగి పలచగా బిగించండి, పొర దగ్గరే ఉష్ణోగ్రత కొలవండి. రక్తం పాతదైతే 1 మిల్లీమోలార్ ఏటీపీ (కణాల్లో శక్తిని మోసే పదార్థం) కలపండి. వాటికి ఆకలి రేపేది అదే.

జవాబు 2:
తూకం సరిగ్గా ఉంటే అసలు కారణం మీ శుభ్రతే. రోడ్నియస్ పేగులో రోడోకాకస్ రోడ్నై అనే బ్యాక్టీరియా ఉంటుంది. రక్తంలో చాలని బి విటమిన్లను అది భర్తీ చేస్తుంది. తల్లి నుంచి గుడ్డు లోపలికి రాదు. పిల్లలు పెద్దవాటి రెట్టను, రెట్ట అంటిన గుడ్డు పెంకులను నోటితో తడిమి తెచ్చుకోవాలి. బ్లీచ్‌తో ఆ దారి మూసుకుపోయింది, కొత్త పేపర్‌తో రెండో దారీ పోయింది. ఆ బ్యాక్టీరియా లేని పిల్లలు మొదటి దశలు లాగించేసి, నాలుగు, ఐదు దశల్లో చతికిలబడతాయి.

ఒకే రోజు గుడ్లను రెండు భాగాలు చేయండి. ఒకటి కడిగి, ఒకటి కడగకుండా. కడగనివాటికి పెద్ద పురుగులు తాజాగా రెట్ట వేసిన ఫిల్టర్ పేపర్ ముక్కను పొదిగిన రోజు నుంచే జార్‌లో ఉంచండి, రెండో దశ దాకా తీయకండి. పేపర్‌ను మడతలు మడతలుగా పెడితే దాక్కోవడానికీ పనికొస్తుంది. బూజుకు మందు తేమ తగ్గించడం, చచ్చినవాటిని ఏరేయడం. కడగడం కాదు. రక్తంలో యాంటీబయాటిక్ కలిసి ఉందేమో కూడా సరఫరాదారుని అడగండి, అదీ ఈ బ్యాక్టీరియాను చంపేస్తుంది.

ప్రశ్న వేసినవారు:
తాగుడు మామూలుగానే ఉంది, తాగిన వెంటనే తూచాం. రెట్ట పేపర్ బదులు రోడోకాకస్ కల్చర్‌ను రక్తంలో కలపొచ్చా?

జవాబు 2:
కలపొచ్చు, మొదటి దశలోనే. అందులో వేరే బ్యాక్టీరియా లేదని ముందు ప్లేట్ మీద చూసుకోండి.

జవాబు 3:
ఒక్క హెచ్చరికండి. రెట్ట పేపర్ ఎట్టి పరిస్థితుల్లోనూ బయట పట్టిన పురుగులది కాకూడదు. చాగస్ పరాన్నజీవి వ్యాపించేది కాటుతో కాదు, రెట్టతోనే. మీ సొంత కాలనీదే అయినా రెట్ట చుక్కను మైక్రోస్కోపు కింద చూసి, పీసీఆర్ (పరాన్నజీవి డీఎన్ఏ కోసం చేసే పరీక్ష) కూడా చేశాకే వాడండి. కంటి పొర గుండా కూడా సోకుతుంది గనుక కళ్లద్దాలు తప్పనిసరి.

తర్వాత ఇవే పురుగులకు క్రూజీ సోకించాలనుకుంటే, రక్తంలోని ప్లాస్మాను వేరుచేసి 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి తిరిగి కలపండి. లేకపోతే అందులోని కాంప్లిమెంట్ (రక్తంలోని రక్షణ ప్రోటీన్లు) ఎపిమాస్టిగోట్లను, అంటే క్రూజీ పురుగులో పెరిగే రూపాన్ని, చీల్చేస్తుంది, సోకకపోయిన తప్పు పురుగు మీదికి పోతుంది.