అప్‌డేట్: సగంలో ఆగి వెనక్కి పోతున్న స్లైడింగ్ గేటు

విజయవాడ పటమటలో మా ఇంటి ఆటోమేటిక్ గేటు మూసుకుంటూ సగంలో ఆగి వెనక్కి పోతోందని ఇంతకుముందు అడిగాను. మోటారు మార్చాల్సిందేనని మెకానిక్ అన్నాడు. మోటారు నిక్షేపంగా ఉంది!

ఇక్కడ ఒకరు చెప్పినట్టు తాళంచెవితో గేటును మోటారు పట్టు నుంచి విడిపించి, చేత్తో తోసి చూశాను. ఒకచోట గట్టిగా పట్టేసింది. కింది చక్రం బేరింగు అరిగి గేటు కుంగడంతో, దాని పళ్లపట్టీ మోటారు పళ్లచక్రం మీద బరువంతా మోపుతోంది. పళ్ల అంచులు ఒరిపిడికి అద్దంలా మెరుస్తున్నాయి. ఆ రెండింటి మధ్య 1-2 మిల్లీమీటర్ల సందు ఉండాలి. అది లేక గేటు బిగుసుకుంటే, ఏదో అడ్డం తగిలినట్టు లెక్కగట్టి కంట్రోల్ బోర్డు దాన్ని వెనక్కి తిప్పుతుంది.

ఆటోనగర్ నుంచి కొత్త చక్రాలు తెచ్చి వేయించాం, సందు సరిచేయించాం. ఇప్పుడు హాయిగా మూసుకుంటోంది.

ఫోర్స్ సెట్టింగు (మోటారు గేటును ఎంత బలంగా తోయాలో చెప్పేది) పెంచితే చాలని కొందరు సలహా ఇచ్చారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. పిల్లలు అడ్డొచ్చినప్పుడు గేటు నలిపేయకుండా ఆగాలంటే ఆ సెట్టింగు తక్కువలోనే ఉండాలి. గేటు చక్రాలు నడిచే కింది పట్టాకు గ్రీజు కూడా వద్దు, ఇసుకంతా దానికే అంటుకుంటుంది. వాన వెలిశాక ఊడిస్తే చాలు.

చేత్తో తోసి చూడమన్నవారికి మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు.