మంచి కుర్రాడే, కానీ రిజిస్టర్ రాయడు. ఎలా చెప్పాలి?

మందుల షాపు, తెనాలి:
మా షాపులో బీఫార్మసీ చేసిన కుర్రాడు ఉన్నాడు. పెద్దవాళ్లకు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఓపిగ్గా చెప్తాడు, కవరు మీద రాసిస్తాడు. కానీ సెఫిక్సిమ్, ఆల్ప్రాజోలామ్ లాంటి షెడ్యూల్ హెచ్1 మందులిస్తే (అంటే డాక్టర్ చీటీ ఉంటేనే ఇచ్చి, వివరాలు విడిగా రాసిపెట్టాల్సినవి) రిజిస్టర్ రాయడు. రాత్రి బిల్లులు చూసి రాస్తానంటాడు. అప్పటికి డాక్టర్ పేరు ఎవరికి గుర్తుంటుంది? కేకలేస్తే రెండు రోజులు రాస్తాడు, మళ్లీ మామూలే. ఇన్‌స్పెక్టర్ వస్తే జవాబు చెప్పాల్సింది నేను. ఏం చేయమంటారు?

గుంటూరు కారం:
జీతంలో కోయండి. దెబ్బకు దారికొస్తాడు.

ఫార్మసీ ఇన్‌చార్జ్, హైదరాబాద్:
కోస్తే రిజిస్టర్ నిండుతుంది, నోటికొచ్చిన డాక్టర్ల పేర్లతో! ఖాళీ పేజీ కంటే అది పెద్ద తలనొప్పి.

ముందు రిజిస్టర్ ఎక్కడుందో చూడండి. మా హాస్పిటల్లో బీరువా దగ్గర ఉండేది. సాయంత్రం ఓపీ రష్‌లో కౌంటర్ వదిలి ఎవరెళ్తారు? బిల్లింగ్ కంప్యూటర్ పక్కకు మార్చి, పెన్ను దారంతో కట్టేశాం. సగం గొడవ తీరింది.

జనం ముందు అనొద్దు. మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు పిలవండి. 'నువ్వెప్పుడూ ఇంతే' అని మొదలుపెడితే అతను ఇక వినడు. జరిగిందే చెప్పండి: 'నిన్న సెఫిక్సిమ్ బిల్లులు మూడు, రిజిస్టర్లో ఒకటే ఉంది. మందు ఇచ్చేటప్పుడే డాక్టర్ పేరు, అడ్రసు, పేషెంట్ పేరు, మందు, ఎంత ఇచ్చామో రాయాలి. 2014 నుంచి ఉన్న రూలే ఇది, మూడేళ్లు దాచాలి కూడా. నీకు ఎక్కడ ఇబ్బంది అవుతోంది?' అని అడిగి ఆగండి. ఆ ఆగడమే మన వల్ల కాదు, జవాబు కూడా మనమే చెప్పేస్తాం.

రాసిన రోజున ఉత్త 'గుడ్' అనకండి. 'అంత రష్‌లోనూ డాక్టర్ అడ్రసుతో సహా రాశావు' అనండి. అన్నట్టు, కవరు మీద రాసిచ్చే సంగతి మీరు మాకు చెప్పారు. అతనికి చెప్పారా?

మందుల షాపు, తెనాలి:
ఇవాళ చెప్పాను మేడమ్, సిగ్గుపడ్డాడు. ఇబ్బందేమిటని అడిగితే, 'చీటీ లేకుండా వచ్చేవాళ్లకు ఏ డాక్టర్ పేరు రాయను సార్?' అన్నాడు. వాళ్లంతా నాకు తెలిసినవాళ్లే. కాదంటే నాకు ఫోన్ చేస్తారని ఇచ్చేస్తున్నాడట.

ఫార్మసీ ఇన్‌చార్జ్, హైదరాబాద్:
అయితే ముందు ఆ ఫోన్ల సంగతి చూడండి. చీటీ లేకపోతే హెచ్1 మందు లేదని కౌంటర్ దగ్గర బోర్డు పెట్టండి. ఎవరైనా ఫోన్ చేస్తే 'మా వాడు చెప్పిందే ఫైనల్' అని మీరే చెప్పండి, అదీ అతను వినేలా. రిజిస్టర్ గురించి వచ్చే వారం అడుగుదురుగాని.