ఆరు రాత్రుల యూరప్ ప్రయాణం: మూడు నగరాలా, వియన్నాలో ఒకే మకామా?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. ఈ అక్టోబరులో దసరా సెలవులకు నేను, మా వారు, ఐదేళ్ల మా అమ్మాయి, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు కలిసి యూరప్ వెళ్లి రావాలనుకుంటున్నాం. ఆరు రాత్రులకు మించి సెలవు దొరకదు. వియన్నాలో రెండు రాత్రులు, ప్రాగ్‌లో రెండు, బుడాపెస్ట్‌లో రెండు ఉండేలా మా వారు ఒక పథకం వేశారు. పటంలో మూడూ దగ్గరదగ్గరగానే ఉన్నాయని, అంత డబ్బు పోసి అంత దూరం వెళ్లి ఒక్క ఊరు చూసి రావడమేమిటని ఆయన వాదన. రెండు రోజులకోసారి పెట్టెలు సర్దుకుని, పిల్లనూ పెద్దావిడనూ వెంటబెట్టుకుని స్టేషన్ల చుట్టూ తిరగడానికి నాకు మాత్రం మనసొప్పడం లేదు.

వియన్నాలోనే మకాం పెట్టి, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేలా చుట్టుపక్కల ఏ ఊళ్లు చూడవచ్చు? అందుకు నగరంలో ఎక్కడ బస చేస్తే మంచిది? మెట్రో, ట్రామ్, బస్సులకు ఏ పాసు తీసుకోవాలి? పక్క దేశంలోకి ఒక పూట వెళ్లి రావాలంటే వీసాకు దరఖాస్తు చేసేటప్పుడే పలుమార్లు ప్రవేశించే వీలు కోరాలా? టూర్ కంపెనీల ప్యాకేజీల ఆలోచన మాకు లేదు కనుక, సొంతంగా తిరిగినవారు చెబితే మేలు.

సమాధానం (జయనగర్, బెంగళూరు)

మీ వారు ఊళ్ల మధ్య దూరాన్ని లెక్కపెట్టారు గాని, మకాం మార్చడానికి పట్టే సమయాన్ని లెక్కపెట్టలేదు. రైలులో వియన్నా నుంచి ప్రాగ్‌కు సుమారు నాలుగు గంటలు, బుడాపెస్ట్‌కు రెండున్నర గంటల పైన పడుతుంది. హోటలు ఖాళీ చేసి, సామానుతో స్టేషన్ చేరి, అవతల దిగి, గది ఇచ్చే వేళ దాకా కాచుకుని, కొత్త ఊరి టికెట్ల పద్ధతి తెలుసుకునేసరికి ప్రతి మార్పుకూ ఒక పగలు చెల్లిపోతుంది. పైగా వియన్నా ఆ రెండు నగరాలకూ నడుమ ఉంది. ప్రాగ్ నుంచి బుడాపెస్ట్ చేరాలంటే రైలులోనే ఆరేడు గంటలు కూర్చోవాలి. ఒక చోట యూరో, మరో చోట కొరునా, ఇంకో చోట ఫోరింట్ వాడాలన్నది చిన్న ఇబ్బందే అయినా అదీ ఉంది. బెంగళూరు నుంచి వియన్నాకు నేరుగా విమానం లేదు, గల్ఫ్ నగరాల మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్‌ల మీదుగానో వెళ్లాలి కనుక, దిగిన రోజు నలుగురూ అలసిపోయే ఉంటారు. ఇవన్నీ తీసివేస్తే మీ వారి పథకంలో నిజంగా ఊరు చూడడానికి మిగిలేవి రెండు మూడు రోజులు మాత్రమే.

కాబట్టి వియన్నాలోనే ఉండండి. ఆ ఊరినే ఎంచుకోవడానికి అక్కడి రాజభవనాల కన్నా పెద్ద కారణం రైళ్లు. బస ఎక్కడన్న ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది. పాత నగరం నడిబొడ్డున ఎక్కువ అద్దె పెట్టనక్కరలేదు. హౌప్ట్‌బాన్‌హోఫ్ అనే ప్రధాన స్టేషన్ దగ్గరో, వీన్ మిట్టే స్టేషన్ దగ్గరో గది చూసుకోండి. హౌప్ట్‌బాన్‌హోఫ్ నుంచి పక్క దేశం స్లొవాకియా రాజధాని బ్రాటిస్లావాకు రైళ్లు బయలుదేరుతాయి, విమానాశ్రయం నుంచి దూరప్రాంత రైలు అక్కడికి పావుగంటలో చేరుస్తుంది, యూ1 మెట్రో ఎక్కితే కొద్ది నిమిషాల్లో స్టెఫాన్ కెథెడ్రల్ ముందు దిగుతారు. వీన్ మిట్టేలో యూ3, యూ4 రెండూ కలుస్తాయి. షోన్‌బ్రున్ రాజభవనం యూ4 మీదే ఉంది. ఆ ఆవరణలోని జంతు ప్రదర్శనశాల 1752లో మొదలై నేటికీ నడుస్తున్నది, ప్రపంచంలో అంతకన్నా పాతది లేదు. మీ అమ్మాయికి భవనంలోని గదుల కన్నా అదే ఎక్కువ నచ్చవచ్చు.

పగటి ప్రయాణాల్లో నేను మొదట చెప్పేది వాఖావు లోయ. మెల్క్, క్రెమ్స్ ఊళ్ల నడుమ డాన్యూబ్ నది ద్రాక్షతోటల కొండల్ని ఒరుసుకుంటూ పారే ఈ భాగాన్ని 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మనం బెంగళూరు నుంచి పొద్దున రైలెక్కి మైసూరు చూసి రాత్రికి ఇల్లు చేరినంత తేలికగా దీన్ని చూసి రావచ్చు, కాకపోతే ఏ వైపు నుంచి మొదలుపెట్టాలన్నది తెలియాలి. ముందు రైలులో మెల్క్ వెళ్లండి. గంటకు అటూ ఇటూ. అక్కడ 1089లో స్థాపితమైన బెనెడిక్టైన్ క్రైస్తవ సన్యాసుల మఠాన్ని చూసి, పడవెక్కి నది వాలున క్రెమ్స్‌కు దిగి, అక్కడి నుంచి ఫ్రాంజ్ యోసెఫ్ స్టేషన్‌కు వచ్చే రైలులో వియన్నా చేరండి. మెల్క్ నుంచి క్రెమ్స్‌కు పడవ గంటన్నర పైచిలుకులో వస్తుంది. అదే క్రెమ్స్‌లో ఎక్కితే ప్రవాహానికి ఎదురెక్కాలి కనుక దాదాపు మూడు గంటలు పడుతుంది. దిక్కు మార్చినందుకు అంత తేడా. దారిలో డూర్న్‌స్టైన్ వస్తుంది. మూడో క్రూసేడ్ అనే మతయుద్ధం నుంచి తిరిగి వస్తున్న ఇంగ్లండు రాజు సింహహృదయ రిచర్డ్‌ను 1192–93లో నిర్బంధించిన కోట శిథిలాలు ఆ ఊరి పైనే ఉన్నాయి. కోటకు ఎక్కడం మీ అత్తగారి వల్ల కాదు; పడవలోంచి చూస్తే చాలు. పడవలు వసంతం నుంచి అక్టోబరు చివరి దాకా నడుస్తాయి గాని, అక్టోబరులో వేళలు తగ్గిస్తారు. పడవ సమయం చూసుకున్నాకే రైలు సమయం నిర్ణయించుకోండి.

సరస్సు ఒడ్డున ఉన్న హాల్‌స్టాట్ అనే ఊరిని ఒక్క పగట్లో చూపిస్తామనే ప్రకటనల జోలికి పోవద్దని నా మనవి. వియన్నా నుంచి అటు మూడున్నర గంటలు, ఇటు మూడున్నర గంటలు. స్టేషన్ సరస్సుకు ఒక ఒడ్డున ఉంటే ఊరు అవతలి ఒడ్డున ఉంది, పడవలో దాటాలి. సాల్జ్‌బర్గ్ రెండున్నర గంటల దూరం కనుక వెళ్లి రావచ్చు, కానీ పిల్లలతో ఐదు గంటలు రైల్లోనే గడుస్తుంది.

వీసా సంగతి. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిని షెంగెన్ అంటారు. దాని నియమం ప్రకారం ఎక్కువ రోజులు గడిపే దేశానికే దరఖాస్తు చేయాలి, రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి చేయాలి. మీ వారి పథకంలో మూడు దేశాల్లోనూ రెండేసి రాత్రులున్నాయి కనుక ఆ రెండో నియమం వర్తిస్తుంది. విమానం మారితే దరఖాస్తు చేయవలసిన దేశమూ మారిపోవచ్చు. వియన్నాలోనే ఉంటే ఆ చిక్కే లేదు, ఆస్ట్రియాకు చేయండి. స్లొవాకియా 2007 నుంచి షెంగెన్‌లో ఉంది, 2009 నుంచి అక్కడా యూరోయే నడుస్తున్నది. కనుక బ్రాటిస్లావా వెళ్లి రావడం రెండో ప్రవేశం కిందకు రాదు, ఒక్కసారి ప్రవేశానికిచ్చే వీసా సరిపోతుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. ప్రయాణానికి పదిహేను రోజుల ముందు ముగిసే చివరి గడువు దాకా ఆగకండి. పెద్దలకు రుసుము 90 యూరోలు, ఆరేళ్లు నిండని పిల్లలకు రుసుము లేదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

సమాధానం (అడయార్, చెన్నై)

పై సమాధానంతో చాలా వరకు ఏకీభవిస్తాను, పూర్తిగా కాదు. మీ వారి కోరికను అంత తేలికగా కొట్టిపారేయనక్కరలేదు. ప్రాగ్‌ను వదిలేసి, వియన్నాలో నాలుగు రాత్రులు, బుడాపెస్ట్‌లో రెండు రాత్రులు ఉండి, తిరుగు విమానం బుడాపెస్ట్ నుంచే ఎక్కేలా టికెట్టు తీసుకుంటే మకాం ఒక్కసారే మారుతుంది, వెనక్కి వచ్చే పని ఉండదు. దుబాయ్, దోహా మీదుగా వచ్చే విమానాలు రెండు నగరాల నుంచీ ఉన్నాయి. ఎక్కువ రాత్రులు ఆస్ట్రియాలోనే కనుక వీసా విషయంలోనూ మార్పు రాదు. రాత్రి దీపాల వెలుగులో డాన్యూబ్ ఒడ్డున హంగరీ పార్లమెంటును చూడడం నా దృష్టిలో వాఖావు పడవ ప్రయాణానికి ఏమాత్రం తీసిపోదు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. 1896లో మొదలైన బుడాపెస్ట్ మొదటి మెట్రో లైను చూడముచ్చటగా ఉంటుంది గాని, దాని పాత స్టేషన్లలో లిఫ్టులు లేవు, మెట్లే. అత్తగారి కోసం అక్కడ ట్రామ్‌లనే నమ్ముకోండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మా వారికి చదివి వినిపించాను. బుడాపెస్ట్ దగ్గర ఆయన కళ్లు వెలిగాయి గాని, మకాం మార్చకపోవడానికే చివరికి ఒప్పుకున్నారు. ఇక వియన్నాలో మెట్రో స్టేషన్లు అత్తగారికి అనుకూలంగా ఉంటాయా? బ్రాటిస్లావాకు ఆవిడ రాగలరా? ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. ఇంటి నుంచి ఆవకాయ, నెయ్యి, కరివేపాకు తీసుకెళ్తానంటున్నారు. ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

సమాధానం (వైట్‌ఫీల్డ్, బెంగళూరు)

వియన్నా మెట్రో స్టేషన్లన్నిటిలో లిఫ్టులున్నాయి, కొత్త ట్రామ్‌ల లోపలి నేల రోడ్డుకు దాదాపు సమంగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవారికి మెట్రో కన్నా ట్రామే హాయి అని నా అభిప్రాయం. భూమి కిందికి దిగే పని లేదు, కిటికీ పక్కన కూర్చుంటే ఊరు దానంతటదే కదిలిపోతుంది. పాత నగరాన్ని చుట్టి ఉన్న రింగ్ రోడ్డు వెంట ఒకటి, రెండు నంబర్ల ట్రామ్‌లు చెరి సగం చుట్టి వేరే దారులు పట్టిపోతాయి. మధ్యలో ఒకసారి మారితే ఒపేరా, పార్లమెంటు, నగర సభా భవనం అన్నీ నడవకుండానే చూడవచ్చు. ఊరంతా పైనుంచి చూడాలంటే యూ4 చివరి స్టేషన్ హైలిగెన్‌స్టాట్‌లో దిగి 38ఏ బస్సు ఎక్కండి, కాలెన్‌బర్గ్ కొండ మీద దింపుతుంది.

బ్రాటిస్లావాకు రావడానికి ఆవిడకు ఇబ్బంది ఉండదు, కాని రైలు ఎక్కే ముందు ఒక సంగతి గమనించండి. వియన్నా నుంచి ఆ ఊరికి రెండు వేర్వేరు మార్గాల్లో రైళ్లున్నాయి: ఒకటి ప్రధాన స్టేషన్‌కు, రెండోది డాన్యూబ్ అవతలి ఒడ్డున ఉన్న పెట్రజాల్కాకు. రెండూ సుమారు గంటలోనే చేరుస్తాయి గాని రెండు స్టేషన్లూ పాత నగరానికి ఎడంగానే ఉన్నాయి, దిగాక ట్రామో బస్సో పట్టుకోవాలి. అత్తగారు వెంట ఉన్నప్పుడు నేనైతే బస్సునే ఎంచుకుంటాను. వియన్నా నుంచి వచ్చే బస్సుల్లో కొన్ని డాన్యూబ్ మీది ఎస్‌ఎన్‌పీ అనే వంతెన కింద ఆగుతాయి; అక్కడ దిగితే సెయింట్ మార్టిన్ కెథెడ్రల్ నాలుగడుగుల దూరంలో ఉంటుంది. 1563 నుంచి 1830 దాకా హంగరీ రాజుల పట్టాభిషేకాలు జరిగింది ఆ చర్చిలోనే. ముందు రోజు షోన్‌బ్రున్‌లో చూసే ఆ గదుల్ని తీర్చిదిద్దించిన ఆస్ట్రియా పాలకురాలు మరియా థెరీసాకు 1741లో కిరీటం పెట్టిందీ అక్కడే. ఆ వరుసలో చూస్తే ఊరికి అర్థం వస్తుంది. పాత నగరం చిన్నది, మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. షెంగెన్ లోపలి ప్రయాణమే అయినా నలుగురి పాస్‌పోర్టులూ వెంట ఉంచుకోండి, దారిలో తనిఖీ జరగవచ్చు.

ఆవకాయకు అభ్యంతరం లేదు, రెండు పొరల సంచిలో గట్టిగా కట్టండి. నెయ్యి మాత్రం తీసుకెళ్లకూడదు. బయటి దేశాల నుంచి ప్రయాణికులు పాల పదార్థాలను, మాంసాన్ని వెంట తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది, పాలకోవా అయినా అదే సంగతి. పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి కనుక దాన్నీ మానుకోండి. కరివేపాకు పొడి కొట్టి తీసుకెళ్తే సరి. వంటగది ఉన్న అపార్ట్‌మెంటు తీసుకుంటే బియ్యం, పెరుగు, వెన్న అక్కడి దుకాణాల్లోనే దొరుకుతాయి, వెన్న కాచుకుంటే నెయ్యి. నీళ్ల సీసాలు కొనకండి. ఆల్ప్స్ పర్వతాల ఊటనీటిని 1873 నుంచి కాలువ కట్టి ఆ నగరానికి తెస్తున్నారు, కుళాయి నీళ్లే తాగవచ్చు.

సమాధానం (మల్లేశ్వరం, బెంగళూరు)

పాసుల గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు కనుక రాస్తున్నాను. వియన్నాలో మెట్రో, ట్రామ్, బస్సు, నగర పరిధిలోని లోకల్ రైలు అన్నిటికీ ఒకే టికెట్టు. మన బెంగళూరు నమ్మ మెట్రోలో లాగా గేట్లు ఉండవు, ఎవరూ ఆపరు. అందువల్లే కొత్తవారు పొరబడతారు. కాగితపు టికెట్టు కొంటే మెట్రో ప్రవేశం దగ్గరో, ట్రామ్ లోపలో ఉన్న చిన్న పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. టికెట్టు చేతిలో ఉన్నా ముద్ర లేకపోతే లేనట్టే, తనిఖీలో దొరికితే జరిమానా వంద యూరోలకు పైనే. ఫోను యాప్‌లో కొన్నదానికి ముద్ర అక్కరలేదు. ఆరేళ్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు కనుక మీకు కావలసినవి మూడు పాసులే. 24 గంటల పాసును రోజూ కొనే బదులు ఏడు రోజుల పాసు ధర పోల్చి చూడండి. మీరున్నన్నాళ్లకు రెండోదే చవక కావచ్చు. మ్యూజియాల్లో రాయితీలిచ్చే పర్యాటక కార్డులు రవాణా పాసు కన్నా ఖరీదు, రాయితీలు నిజంగా వాడుకుంటేనే గిట్టుబాటు.

విమానాశ్రయం నగర పరిధి బయట ఉంది. పాసు ఉన్నవారు నగర సరిహద్దు నుంచి అక్కడి దాకా అదనపు టికెట్టు తీసుకుంటే చాలు. ఎస్7 లోకల్ రైలు సుమారు 25 నిమిషాల్లో వీన్ మిట్టే చేరుస్తుంది. ఆకుపచ్చ రంగులో పెద్ద పెద్ద ప్రకటనలతో కనిపించే సీఏటీ అనే ప్రత్యేక రైలు అదే స్టేషన్‌కు 16 నిమిషాల్లో వెళ్తుంది గాని, దానికి నగర పాసు చెల్లదు, ఛార్జీ చాలా ఎక్కువ. తొమ్మిది నిమిషాల కోసం అంత పెట్టడం నాకైతే దండగ.

మెల్క్, బ్రాటిస్లావాలకు నెలల ముందు టికెట్లు కొని పెట్టుకోనక్కరలేదు. సాల్జ్‌బర్గ్ వంటి దూరప్రాంతాలకు మాత్రం ముందుగా కొంటే ఆస్ట్రియా జాతీయ రైల్వే తగ్గింపు ధర ఇస్తుంది, కానీ ఆ టికెట్టు ఆ ఒక్క రైలుకే పరిమితం. మరో మాట: ఆదివారాలు, అక్టోబరు 26 జాతీయ దినం నాడు ఊళ్లో దుకాణాలు మూసి ఉంటాయి. పెద్ద రైల్వే స్టేషన్లలోని సరుకుల దుకాణాలు మాత్రం తెరిచే ఉంటాయి కనుక పెరుగు, పాలు అక్కడ తెచ్చుకోవచ్చు; హౌప్ట్‌బాన్‌హోఫ్ దగ్గర బస చేస్తే అదీ కలిసొస్తుంది.