పద్యం అప్పజెప్పించాలా, పిల్లల చేత మాట్లాడించాలా?

బ్రాడీపేట తెలుగు టీచర్

గుంటూరులో ఒక హైస్కూల్లో తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతున్నాను. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఇద్దరు తండ్రులు గట్టిగానే నిలదీశారు. "ఒక్క వేమన పద్యానికి మూడు పీరియడ్లా? భావం నోట్సు ఇవ్వకుండా పిల్లల్నే మాట్లాడమంటే మీరెందుకు?" అన్నారు. తిరిగి ఏం చెప్పాలో అప్పటికప్పుడు తోచలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఆ పద్యం మీ అందరికీ నోటికొచ్చిందే.

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్య పురుషులు వేరయా
విశ్వదాభిరామ వినుర వేమ

మామూలుగా అయితే పదిహేను నిమిషాల పని. నేను చదివి, ప్రతిపదార్థం చెప్పి, భావం బోర్డు మీద రాస్తే వాళ్లు దించుకుంటారు. ఈసారి భావం చెప్పకుండా ఒక్కటే అడిగాను: ఇందులో పుణ్య పురుషుడు ఉప్పా, కర్పూరమా? క్లాసంతా కర్పూరం అంది. వెనక బెంచీలో ఒక పిల్ల మాత్రం లేచి, "ఉప్పు లేకపోతే అన్నమే తినలేం టీచర్. కర్పూరం లేకపోతే ఏమవుద్ది? పద్యంలో వేరు అనే ఉంది కదా, ఏది గొప్పదో ఎక్కడుంది?" అంది. పద్దెనిమిదేళ్లుగా ఈ పద్యం చెబుతున్నాను, ఆ సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు. ఇది టైం వేస్టా?

సత్యనారాయణపురం విశ్రాంత పండితుడు

అమ్మా, మీ శ్రద్ధను తప్పుపట్టను. విజయవాడలో ముప్ఫై నాలుగేళ్లు తెలుగు చెప్పిన అనుభవంతో రాస్తున్నాను. ముందు పద్యం నోటికి రావాలి, అర్థం తర్వాత వస్తుంది. కొందరికి ఇరవై ఏళ్ల తర్వాత వస్తుంది, అయినా నష్టం లేదు. నా భార్య పోయిన రాత్రి నా నోటికి వచ్చినవి తొమ్మిదేళ్ల వయసులో మా నాన్న బెత్తం పట్టుకుని చెప్పించిన గజేంద్ర మోక్షం పద్యాలు. అప్పుడు నాకు వాటిలో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ రాత్రి ప్రతి అక్షరం అర్థమైంది. చర్చలో పిల్లవాడు చెప్పిన అభిప్రాయం వారానికి పోతుంది. పద్యం పోదు.

రెండోది, మూడు పీరియడ్లు అభిప్రాయాలు మాట్లాడుకుంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒక అక్షరం కలిసే యతి, అక్షరాల కొలతలైన గణాలు ఎప్పుడు చెబుతారు? ఛందస్సు తెలియని వాడికి పద్యమూ వార్తా పత్రికా ఒకటే.

పటమట అమ్మ

మా అబ్బాయి టెన్త్. పండితుడు గారు చెప్పింది వింటే మనసు కదిలింది, కానీ నా టెన్షన్ వేరే. పరీక్షలో ప్రతిపదార్థం అడుగుతారు, భావం అడుగుతారు. వీడు "ఉప్పే గొప్ప" అని రాసొస్తే దిద్దే ఆయన మార్కులు వేస్తాడా? టీచర్ గారూ, దీనికి సూటిగా సమాధానం చెప్పండి. పిల్లలు సొంతంగా ఆలోచిస్తే నాకూ ఇష్టమే. ఆ ఆలోచనకు వాడు మూల్యం కట్టకూడదు, అంతే.

కానూరు ఇంజినీరింగ్ విద్యార్థి

టెన్త్‌లో నాకు తెలుగులో మంచి మార్కులు వచ్చాయి. గైడులో భావాలన్నీ బట్టీ పట్టాను. ఇంటర్‌లో మా సెక్షన్ మొత్తం మార్కుల కోసం సంస్కృతం తీసుకుంది, నేనూ అంతే. ఇప్పుడు ఒక్క భావం కూడా గుర్తు లేదు. పండితుడు గారూ, మీకు గుర్తున్నది పద్యం. మా చేత బట్టీ పట్టించింది పద్యం కాదండీ, గైడువాడు రాసిన నాలుగు లైన్ల వచనం. ఈ రెండూ ఒకటి కాదు.

ఇంకో మాట. గబ్బిలం కావ్యం రాసిన కవి జాషువా గారు వినుకొండలో పుట్టారు, మన గుంటూరు సీమ మనిషి. గబ్బిలం పాఠం మాకు పదాలకు అర్థాలు చెప్పి ముగించారు. అందులో అంటరానివాడని వెలేసిన మనిషి శివుడి దగ్గరకు రాయబారానికి గబ్బిలాన్నే ఎందుకు పంపాడు, హంసనో మేఘాన్నో ఎందుకు పంపలేదు అని ఎవరూ అడగలేదు. మనిషిని రానివ్వని గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు. 1941 నాటి ఆ కావ్యం మొత్తం ఆ ఒక్క సంగతి మీద నిలబడింది. అది నాకు పందొమ్మిదేళ్ల వయసులో హాస్టల్లో నా రూమ్మేట్ చెబితే తెలిసింది. ఆ రాత్రి చాలా కోపం వచ్చింది. క్లాసులో ఆ ప్రశ్న అడగడానికి ఐదు నిమిషాలు చాలవా?

బ్రాడీపేట తెలుగు టీచర్

పటమట అమ్మగారూ, ప్రతిపదార్థం నేను మానలేదు. చర్చ అయ్యాక చెప్పాను. "జాడ" అంటే ఏంటో తెలుసుకోవాలని వాళ్లకే అనిపించాక చెబితే రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు. పరీక్షకు మామూలు భావమే రాయిస్తాను, ఆ మాట పిల్లలకూ చెప్పాను. అయినా మన పాఠ్యపుస్తకాల్లోనే ప్రతి పాఠం వెనక "వ్యక్తీకరణ - సృజనాత్మకత" అని అభ్యాసాలు ఉంటాయి. మేమే వాటిని గైడు చూసి నింపిస్తున్నాం.

మాస్టారూ, యతి గురించి అడిగారు. రెండో రోజు గురువుకు (సాగదీసి పలికే అక్షరానికి) గట్టిగా, లఘువుకు (పొట్టిగా పలికే దానికి) మెల్లగా చప్పట్లు కొట్టిస్తూ చదివించాను. మొదటి పాదంలో ఉ, నొక్కలో ఒ కలిశాయని పట్టుకున్నారు. మూడో పాదంలో పు, పు. నాలుగులో వి, వి. రెండో పాదానికి వచ్చేసరికి ఒకడు "చూ, జా కలవలేదు టీచర్, వేమన తప్పు రాశాడు" అన్నాడు. మరోడు "కాదురా, చూడ - జాడ, రెండో అక్షరం కలిసింది" అన్నాడు. దాన్నే ప్రాసయతి అంటారని నేను చెప్పింది ఆ తర్వాతే. ముందే నిర్వచనం ఇచ్చి ఉంటే దాన్ని రాసుకుని ఊరుకునేవాళ్లు.

మూడో రోజు మా అమ్మ ఇచ్చిన పచ్చకర్పూరం కొంచెం, కళ్లుప్పు దంచి కొంచెం, రెండూ తెల్ల కాగితం మీద పోసి తీసుకెళ్లాను. పిల్లలకు కర్పూరం అంటే హారతి బిళ్లే తెలుసు. అది తినేది కాదు కాబట్టి "రుచుల" అన్న మాట దగ్గర ఆగిపోయారు. ప్రసాదంలో వేసేది ఇదీ అని చెప్పి తలా ఒక రవ్వ నాలుక మీద పెట్టుకోమన్నాను. "చూడ చూడ అని రెండుసార్లు ఎందుకన్నాడో తెలిసింది, ఒకసారి చూస్తే తెలియదు" అన్నాడు ఒకడు. నలభై రెండు మందిలో ముప్ఫై మందికి పైగా ఎవరూ చెప్పకుండానే ఆ రోజుకి పద్యం అప్పజెప్పారు. కంఠస్థం వద్దని నేను అననే లేదు మాస్టారూ.

తర్వాత ఈ వేమన పద్యం ఛందస్సే, ఆటవెలదిలో, సొంతంగా పద్యం రాయమన్నాను. బేసి పాదాల్లో మూడు సూర్య గణాలు (చిన్నవి), రెండు ఇంద్ర గణాలు (పెద్దవి), సరి పాదాల్లో ఐదూ సూర్య గణాలే. చివరి పాదంగా వచ్చే మకుటం కావాలంటే వేమనది వాడుకోండి, లేదంటే మీ సొంతం అన్నాను. చాలామంది సెల్‌ఫోన్ మీద, క్రికెట్ మీద రాశారు, గణాలు తప్పాయి. ఆ ఉప్పు పిల్ల వాళ్లమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళుతుంది. తన పద్యం ఇది, అడిగే పెడుతున్నాను.

అమ్మ చేతి మంట అన్నాన తగిలెను
తొడిమ తీసి తీసి తోలు ఊడి
ముద్ద పెట్టునపుడు మురిపెమే మిగిలెను
ఎర్ర కాయ నీకు ఏమి తెలుసు

సత్యనారాయణపురం విశ్రాంత పండితుడు

రెండుసార్లు గణవిభజన చేసి చూశాను. గణాలు సరిపోయాయి, యతులూ సరిపోయాయి. అయితే "తోలు ఊడి", "నీకు ఏమి" విసంధి, అంటే కలవాల్సిన చోట సంధి కలవలేదు. ఉత్వానికి, అంటే మాట చివరి ఉకారానికి, అచ్చు ఎదురైతే సంధి నిత్యం, "నీకేమి" కావాలి, అప్పుడు గణం చెడుతుంది. ఆఖరి పాదాన్ని "ఎర్రకాయలార యెరుక గలదె" అని మార్చుకోమనండి, అన్నీ కుదురుతాయి.

పటమట అమ్మ

పద్యం చదివి ఏడుపొచ్చిందండీ. మా వాడికి చూపించాను. నోట్సు మాత్రం పరీక్షలకు ముందు ఇవ్వండి, మర్చిపోకండి.

బ్రాడీపేట తెలుగు టీచర్

మాస్టారూ, మీ సవరణ తనకు చదివి వినిపించాను. సంధి సంగతి చెబితే "నీకేమి" పెట్టి చప్పట్లు కొట్టి చూసుకుంది, లయ విరిగిందని తనకే తెలిసింది. "ఎర్రకాయలార" మాత్రం వద్దంది. "మా అమ్మ అట్లా మాట్లాడదు టీచర్" అంది. నేను ఒత్తిడి చేయలేదు. తప్పు చేశానా?

సత్యనారాయణపురం విశ్రాంత పండితుడు

"నీకు" దగ్గర ఆగి, తర్వాత "ఏమి తెలుసు" అని చదువుతుందా? అలా ఆగి చదివితే నేను ఒప్పుకుంటాను. మా గురువుగారైతే ఒప్పుకోరు. కానీ మూడో పాదం ఇంకోసారి చూసుకోమనండి. "పెట్టునపుడు" వాళ్లమ్మ మాట్లాడే మాట కాదు, అది పుస్తకంలోంచి వచ్చింది. మార్చాక మళ్లీ ఇక్కడ పెట్టండి, చూస్తాను.