రిలీజ్ అయిన బడ్జెట్ కనపడుతోంది, బిల్లు మాత్రం వెళ్లట్లేదు: సీఎఫ్ఎంఎస్‌లో ఎక్కడ చూడాలి?

రాజాం వైపు జూనియర్ అసిస్టెంట్

అందరికీ నమస్కారం. మండల స్థాయి ఆఫీసులో మేకర్‌గా (బిల్లు మొదట తయారుచేసేవాడిగా) సీఎఫ్ఎంఎస్‌లో, అంటే రాష్ట్ర ప్రభుత్వ బిల్లులు, చెల్లింపులు నడిచే ఆన్‌లైన్ వ్యవస్థలో, బిల్లులు పెడుతున్నాను. మూడు సందేహాలున్నాయి, పెద్దలు చెప్పాలి.

ఒకటి. 130 ఆఫీసు ఖర్చుల పద్దు (ఖర్చు రాసే ఖాతా సంఖ్య), అందులో 132 ఇతర ఖర్చుల కింద ఈ ఏడాదికి ఇప్పటివరకు 60,000 రిలీజ్ అయింది. పాసైన బిల్లులు 38,500. టోనరు, స్టేషనరీకి 9,200 బిల్లు పెడితే బడ్జెట్ చాలదని వస్తోంది. లెక్క ప్రకారం 21,500 ఉండాలి కదా?

రెండు. ఓ సరఫరాదారు బిల్లు ట్రెజరీలో పాసైంది కానీ డబ్బు ఆయన ఖాతాకి చేరలేదు, వెనక్కొచ్చింది. కొత్త బిల్లు పెట్టేయమంటున్నారు. పెట్టొచ్చా?

మూడు. కంప్యూటర్లు కొన్నాం. జీఎస్టీ 18 శాతంతో కలిపి ఇన్వాయిస్ 3,54,000. కోతలు ఏవేవి, ఎంతెంత? మార్చి 31 దగ్గరపడింది, అందుకే ఒకేసారి అడుగుతున్నాను.

సాప్ ఫండ్స్ మేనేజ్‌మెంట్

మొదటిదానికి నేను చెప్తాను తమ్ముడూ. సీఎఫ్ఎంఎస్ 2018 ఏప్రిల్‌లో మొదలైంది, కింద ఉన్నది సాప్ అనే సాఫ్ట్‌వేర్. మనం రిజిస్టరులో రాసుకునే లెక్కకి, సాప్ వేసుకునే లెక్కకి ఒక తేడా ఉంది. మనం పాసైన బిల్లులే తీసేస్తాం. సాప్‌లో బడ్జెట్ కాపలా చూసే భాగం పోస్టయిన (లెక్కలో ఖరారుగా ఎక్కిన) ఖర్చుతో పాటు, ఇంకా పోస్టు కాకుండా పార్క్ చేసి (సేవ్ చేసి ఆపి) ఉన్న డాక్యుమెంట్లనీ, ముందే రిజర్వ్ చేసిన మొత్తాలనీ కలిపి తీసేస్తుంది. అలా చేయకపోతే ఒకే 10,000 మీద ఇద్దరు రెండు బిల్లులు పెట్టేసి, రెండూ ట్రెజరీ దాకా వెళ్లిపోతాయి.

కాబట్టి మీ 21,500లో కొంత ఎక్కడో పట్టుబడి ఉంది. బిల్లుల జాబితా తెరిచి, పాసైనవి వదిలేసి, డ్రాఫ్టులో ఉన్నవి, చెకర్ (మేకర్ పెట్టిన బిల్లు సరిచూసేవారు) వెనక్కి పంపినవి, ట్రెజరీ ఆబ్జెక్షన్ పెట్టినవి ఒక్కొక్కటే చూడండి. ఎక్కువగా జరిగేది ఇది: చెకర్ తప్పు చూసి బిల్లు వెనక్కి పంపుతాడు, మేకర్ ఆ బిల్లునే సరిదిద్దకుండా కొత్తది పెడతాడు. పాతది రద్దు చేయరు, అది అలాగే డబ్బు పట్టుకుని కూర్చుంటుంది. వెనక్కొచ్చిన బిల్లుని అందులోనే సరిదిద్దాలి. కొత్తదే పెట్టాలనుకుంటే ముందు పాతదాన్ని రద్దు చేయాలి.

అదీ కాకపోతే పద్దు చూడండి. పద్దులో ఒక్క అంకె తేడా ఉన్నా సాప్‌కి అది వేరే డబ్బా. ఉదాహరణకి 2053 జిల్లా పరిపాలన, దాని కింద 00, తర్వాత 094 ఇతర సిబ్బంది, ఆపైన ఉప పద్దులు, చివర 130, 132, ఓటెడ్ (శాసనసభ ఓటు కావాల్సిన ఖర్చు) లేక ఛార్జ్‌డ్ (ఓటు అక్కర్లేనిది). మొదటి అంకె 2 లేదా 3 అయితే రెవెన్యూ ఖర్చు, 4 లేదా 5 అయితే క్యాపిటల్, 8 అయితే పబ్లిక్ అకౌంట్. రిలీజ్ ఆర్డరు కాగితం ఒక చేత్తో పట్టుకుని, స్క్రీను మీద పద్దుని ఎడమ నుంచి కుడికి అంకె అంకె చదివి టిక్కు పెట్టండి. 131లో పడ్డ డబ్బుతో 132 బిల్లు పెట్టబోవడం చాలా ఆఫీసుల్లో కనిపించే పొరపాటు.

బొబ్బిలి ఆడిట్

పైన చెప్పినదానికి ఇంకో మాట కలుపుతాను. డబ్బు పద్దులో సరిగ్గా ఉన్నా, మీ డిడిఓ (బిల్లు డ్రా చేసే అధికారి) పేరున పడిందో లేదో చూడాలి. రాజాం, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి, వంగర 2022 ఏప్రిల్ 4న శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకి వచ్చాయి. పై ఆఫీసు వాళ్లు పాత పంపిణీ జాబితాని కాపీ చేసి వాడితే మీ వాటా పక్క జిల్లా ఫండ్ సెంటర్లో, అంటే అక్కడి ఆఫీసు బడ్జెట్ కోడ్‌లో, పడొచ్చు. అది మేకర్ స్థాయిలో సరికాదు. డిడిఓ గారితో లెటరు పెట్టించి, హెచ్‌ఓడి (శాఖాధిపతి) దగ్గర పంపిణీ మార్పించుకోవాలి.

ట్రెజరీలో పనిచేసేవాణ్ణి

రెండో ప్రశ్నకి: కొత్త బిల్లు పెట్టకండి. ఇది గట్టిగా చెప్తున్నాను.

ఎందుకంటే బిల్లు పాసైన రోజే ఖర్చు మీ పద్దులో పడిపోయింది, వోచరు తయారైంది, ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసుకి వెళ్లే నెలవారీ లెక్కలోనూ చేరుతుంది. డబ్బు రిజర్వ్ బ్యాంకు ఈ-కుబేర్ అనే చెల్లింపుల వ్యవస్థ ద్వారా బయలుదేరి, ఖాతా వివరాలు కుదరక తిరిగొచ్చి సస్పెన్స్ పద్దులో (తేలేదాకా డబ్బు ఉంచే పద్దు) ఆగి ఉంటుంది. మీరు కొత్త బిల్లు పెడితే అదే ఖర్చు రెండోసారి రాసినట్టు. రేపు ఎవరైనా ఆ పాత మొత్తాన్ని కూడా విడుదల చేస్తే రెండుసార్లు చెల్లించినట్టు అవుతుంది, రికవరీ డిడిఓ గారి మెడకి చుట్టుకుంటుంది. చేయాల్సింది లబ్ధిదారు బ్యాంకు వివరాలు సరిచేయించి, ఆగిన ఆ చెల్లింపునే మళ్లీ పంపించుకోవడం.

ఎందుకు వెనక్కొచ్చిందంటారా? మన రెండు జిల్లాల్లో మొదట అడగాల్సింది ఖాతా గ్రామీణ వికాస్ బ్యాంకుదా అని. 2025 మే 1 నుంచి అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. పాత పాస్‌బుక్ చూసి ఎక్కించిన ఐఎఫ్ఎస్సీని (బ్యాంకు బ్రాంచి కోడ్) నమ్మొద్దు. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడూ ఇదే ఇబ్బంది. కొత్త క్యాన్సిల్ చెక్కో, బ్రాంచి స్టాంపు వేసిన పాస్‌బుక్ మొదటి పేజీయో తెప్పించుకోండి.

ఐఎఫ్ఎస్సీలో 11 అక్షరాలుంటాయి. మొదటి నాలుగు బ్యాంకు అక్షరాలు, అయిదోది ఎప్పుడూ సున్నా. అక్కడ ఇంగ్లీషు ‘ఓ’ కొట్టేస్తే కోడ్ చెల్లదు. ఖాతా నంబరుతో ఇంకా జాగ్రత్త. ఇలాంటి బదిలీల్లో బ్యాంకు జమచేసేది నంబరు చూసే, పేరు కలిసిందా అని ఆగదు. లేని నంబరైతే డబ్బు వెనక్కొస్తుంది. తప్పు నంబరు ఇంకొకరిదైతే వాళ్ల ఖాతాలో పడి కూర్చుంటుంది, అప్పుడు పడే పాట్లు వేరు. ఒకరు చెక్కు చూసి చదవాలి, ఒకరు స్క్రీన్ చూసి సరిపోల్చాలి. మేకరే చదివి మేకరే చూసుకుంటే తప్పు కంటికి ఆనదు.

చీపురుపల్లి సీనియర్ అసిస్టెంట్

మూడోదానికి: జీఎస్టీ టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) 2 శాతం, ఇన్‌కంటాక్స్ 1 శాతం కోసి మిగతాది నెట్టు పెట్టండి బాబూ.

బొబ్బిలి ఆడిట్

సీనియర్ గారూ, ఏమీ అనుకోకండి, ఇన్‌కంటాక్స్ ఇక్కడ రాదు. కంప్యూటర్లు ఉత్త సరుకు కొనుగోలు. ఆ 1 శాతం (కంపెనీ, ఫర్మ్ అయితే 2) పని కాంట్రాక్టుకి: గోడలకి సున్నాలు, మరమ్మతులు, కూలీ, బండి అద్దెల్లాంటివాటికి. అదీ ఒక్క బిల్లు 30,000 దాటినా, ఏడాదిలో ఆ మనిషికి ఇచ్చినది మొత్తం లక్ష దాటినా. సరుకు మీద కోసేస్తే అతను రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాలి, పాపం చిన్న షాపు వాళ్లకి అది నెలల తరబడి ఆగే సొమ్ము.

జీఎస్టీ టీడీఎస్ మాత్రం సరుకుకీ ఉంది, సేవకీ ఉంది. కాంట్రాక్టు విలువ జీఎస్టీ కాకుండా 2.5 లక్షలు దాటితే కోయాలి. మీది 3,54,000లో పన్ను 54,000 తీసేస్తే 3,00,000, అంటే దాటింది. ఆ 3,00,000 మీద 2 శాతం 6,000. సెంట్రల్ 3,000, స్టేట్ 3,000. నెట్టు 3,48,000. పన్నుతో కలిపి 3,54,000 మీద 7,080 కోయడం తప్పు. ఆర్డరు ఒకటే అయ్యుండి బిల్లులు రెండుగా 1,50,000 చొప్పున వచ్చినా కోత తప్పదు, చూడాల్సింది కాంట్రాక్టు విలువనే.

రాజాం వైపు జూనియర్ అసిస్టెంట్

చాలా థాంక్స్ అండీ. దొరికింది. నవంబరులో వెనక్కొచ్చిన 14,000 బిల్లు ఇంకా జాబితాలో ఉంది, దాని బదులు పెట్టిన కొత్త బిల్లు అప్పుడే పాసైపోయింది. అందుకే మిగిలింది 7,500 అయి, 9,200 పట్టలేదు. ఇంకొక్కటి. కంప్యూటర్ల షాపు ఒడిశాలోని రాయగడది. కోతలో ఏమైనా తేడా ఉంటుందా?

బొబ్బిలి ఆడిట్

ఉంటుంది. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు చూడండి. 37 అయితే ఆంధ్ర, 21 అయితే ఒడిశా. సరుకు మన దగ్గర దిగింది, అమ్మినవారు ఒడిశా, కాబట్టి ఇన్వాయిస్‌లో ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకంపై పన్ను) ఉండాలి, కోత కూడా ఐజీఎస్టీ కింద 6,000 ఒకే వరుసలో. ఇన్వాయిస్ మీద సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (సెంట్రల్, స్టేట్ పన్నులు) వేసి ఇచ్చుంటే బిల్లు పెట్టకముందే మార్పించుకోండి. తర్వాతి నెల 10లోపు జీఎస్టీఆర్-7 (ఈ కోతలు చూపే రిటర్న్) వేయాలి. అందులో వాళ్ల జీఎస్టీ నంబరు 15 అక్షరాలూ సరిచూసుకోండి, ఒక్కటి తప్పినా ఆ 6,000 వాళ్ల లెడ్జరులో కనపడదు. ఆలస్యమైతే 18 శాతం వడ్డీ.

ట్రెజరీలో పనిచేసేవాణ్ణి

తారీఖు గురించి. 14,000 రద్దు ఈరోజే చేసి, 9,200 బిల్లు వెంటనే సబ్మిటర్ (బిల్లు ట్రెజరీకి పంపేవారు) దాకా పంపించండి. మధ్యలో ఎవరైనా బదిలీ అయినా, రిటైరైనా చూసుకోండి: మేకర్, చెకర్ లాంటి పాత్రలు మనిషికి కాదు, పొజిషన్‌కి (ఆఫీసులోని పోస్టుకి) కట్టి ఉంటాయి. కొత్తవారిని ఆ పొజిషన్‌లో ఎక్కించేదాకా బిల్లు ఖాళీ అయిన ఆ పొజిషన్ ఇన్‌బాక్స్‌లోనే పడి ఉంటుంది, అది ఎవరికీ కనపడదు. మార్చి 31కి పాసవ్వని బిల్లుకి ఈ ఏటి బడ్జెట్ మురిగిపోతుంది, కొత్త ఏడాది రిలీజ్‌లో మళ్లీ పెట్టాలి. అలాగని కంప్యూటర్లు దిగకుండా, స్టాకు రిజిస్టరులో ఎక్కకుండా డబ్బు ముందే డ్రా చేయాలని చూడకండి. ఇన్‌స్టాల్ చేసినట్టు సర్టిఫికెట్, స్టాకు రిజిస్టరు పేజీ నంబరు జతచేసి పంపితే ఆబ్జెక్షన్ పెట్టే పని మాకూ ఉండదు.